తెల్లబట్టకు హిందీలో ఏమంటారు

జూలై 11, 1994. సోమవారం

ఆయన పనిచేసే ఉక్కు ప్లాంటు వాళ్ళు ఏటా ఇచ్చే డైరీ ఇది. ఆయన జనవరిలో తెచ్చి బీరువా మీద పడేశారు. ఆరు నెలల పేజీలు ఖాళీగా పోయాయి. ఇవాళ్టి నుంచి నేను రాస్తాను. ఈ ఇంట్లో తెలుగు చదవడం వచ్చింది నాకొక్కదానికే. ఆయన ఇక్కడే పుట్టి హిందీ బడిలో చదివారు. అత్తకు అక్షరాలే రావు. కాబట్టి దాచాల్సిన పనేం లేదు. అయినా చీరల కింద పెడతాను.

శుక్రవారం హెల్త్ సెంటర్‌లో పరీక్ష చేశారు. కడుపు నిలిచింది. ఏడో వారం అన్నారు. ఆయన స్కూటర్ మీద ఇంటిదాకా ఈల వేస్తూనే వచ్చారు. అత్త మాత్రం ఏమీ అనలేదు. నన్ను కిందనుంచి పైకి ఒకసారి చూసి, "మెల్లగా నడు" అంది. అంతే.

మొన్నటి నుంచి లంగా తడిగా తగులుతోంది. వానలు కదా, ఉతికినవి సరిగ్గా ఆరట్లేదు, అదే అనుకున్నాను. ఇవాళ చూస్తే అది వాన తడి కాదు. తెల్లగా, పల్చగా, బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. వాసన లేదు. నొప్పి లేదు.

నాకేం భయం లేదు. ఊరికే రాసుకుంటున్నాను.

జూలై 12

ఇవాళా ఉంది.

జూలై 14

అత్త వరండాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ పక్క క్వార్టర్ దుర్గాదేవి అక్కతో మాట్లాడుతోంది. ఎవరో కోహ్కాలో ఉండే పిల్ల గురించి. "తెల్లబట్ట అవుతోందంట గుంటకి. సూడు ఎలగ సిక్కిపోనాదో. ఎముకలు కరిగి ఎల్లిపోతాయి మరి." అక్క తల ఊపింది. నేను లోపల పప్పు పోపు పెడుతున్నాను. ఆవాలు మాడిపోయాయి.

ఎముకలు. ఎవరి ఎముకలు? నావా, లోపల ఉన్నదానివా? లోపలున్నదానికి ఇంకా ఎముకలు వచ్చి ఉంటాయా? ఇంటర్‌లో నాది ఆర్ట్స్. సైన్స్ తీసుకుని ఉంటే తెలిసేది.

పోయిన నవంబరులో కూడా ఇలాగే అయిందా? ఎంత గుర్తు తెచ్చుకున్నా రావట్లేదు. అప్పుడు లంగాలు చూసుకునే అలవాటు లేదు. రెండున్నర నెలలకు, మధ్యాహ్నం పూట, బట్టలు ఉతుకుతుంటే నడుం పట్టేసింది, ఆ తర్వాత ఎర్రగా. సాయంత్రానికి అయిపోయింది. అంతకు ముందు తెల్లగా అయిందేమో. అయ్యే ఉంటుంది. కాకపోతే అలా ఎందుకవుతుంది?

అత్త అప్పుడు కూడా ఏమీ అనలేదు. పదకొండు రోజులు నా లంగాలు తనే ఉతికింది. తిట్టినా బాగుండేది అనిపించింది.

జూలై 15, శుక్రవారం

ఇవాళ జరిగింది రాస్తే నాకే నవ్వొస్తుంది. కానీ నవ్వు రావట్లేదు.

కార్డు చేయించుకోవడానికి హెల్త్ సెంటర్‌కి వెళ్ళాం. ఆయనకి బి షిఫ్ట్, పొద్దున ఖాళీ. డాక్టరమ్మ సెలవు. నర్సు ఉంది. బరువు చూసి, బీపీ చూసి, ఏదో అడిగింది. "తక్లీఫ్", అంటే బాధ, అదొక్కటే అర్థమైంది. నేను పెళ్ళై ఇక్కడికి వచ్చి ఏడాదిన్నర. నాకు వచ్చిన హిందీ అంతా కూరగాయల హిందీ. తోటకూర తాజాగా ఉందా, అల్లం ఎలా ఇస్తావు. దీనికి మాటలెక్కడివి?

ఆయన చెవిలో చెప్పాను. "తెల్లబట్ట అవుతోందని చెప్పండి."

"ఏం బట్ట?"

"తెల్లబట్ట."

ఆయన ముఖం చూస్తే తెలిసిపోయింది, ఆ మాట ఎప్పుడూ వినలేదని. ఎలా వింటారు, తెలుగే ఇంట్లో అమ్మతో మాట్లాడినంత. అమ్మలు కొడుకులకు ఈ మాట నేర్పరు. కాసేపు ఆలోచించి, పెద్ద చిక్కు విడిపోయినట్టు నర్సు వైపు తిరిగి, "సిస్టర్, ఇస్‌కో సఫేద్ కపడా చాహియే" అన్నారు.

నర్సు లోపలికి వెళ్ళి మడతపెట్టిన తెల్ల గుడ్డ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. వచ్చేసారి పరీక్ష ఉంటుంది, పైన కప్పుకోవడానికి ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి, ఈసారికి ఇస్తున్నాను అని చెప్పిందట. "షుక్రియా" అని ఆయన దండం పెట్టారు.

నేనూ దండం పెట్టాను.

స్కూటర్ మీద వస్తుంటే ఆయన, "ఇంకా ఏమైనా కావాలా నీకు? షరమ్ ఎందుకు, అడుగు" అన్నారు. రోలింగ్ మిల్లులో క్రేన్ నడిపే మనిషి. ఎర్రగా కాలే ఇనుప దిమ్మని ఒక అంగుళం అటూ ఇటూ కాకుండా దించుతారట. నేను మాత్రం ఆయన చేతికి ఒక్క మాట సరిగ్గా అందించలేకపోయాను.

వివరంగా చెప్పొచ్చు కదా? చెప్పొచ్చు. చెప్తే అత్తకు చెప్తారు. అత్త మళ్ళీ నన్ను కిందనుంచి పైకి చూస్తుంది.

జూలై 16

ఆ తెల్లగుడ్డ ఎందుకని అడిగారు. ఊరికే అన్నాను.

జూలై 20

దుర్గాదేవి అక్కని అడిగాను. నాకని కాదు, మా ఊళ్ళో స్నేహితురాలు ఉత్తరం రాసిందని చెప్పాను. అక్క నా కళ్ళలోకి చూసి, "పటిక నీళ్ళతో లోపల కడుక్కోమను, రోజుకు రెండుసార్లు, బిగిసిపోయి ఆగిపోతుంది" అంది. తర్వాత గిన్నె మూత పెట్టుకుంటూ, "మీ ఇంట్లో పటిక ఉందా?" అని అడిగింది.

ఉంది. ఆయన గడ్డం గీసుకున్నాక రాసుకునేది. కొంచెం చిదిపి తీసుకున్నాను.

జూలై 21

రెండుసార్లు.

జూలై 23

తగ్గింది. బాగా తగ్గింది. అక్క చెప్పింది నిజమే. ముందే అడిగితే పది రోజులు దిగులు తప్పేది.

జూలై 26

కొంచెం మంట. మందు పనిచేసేటప్పుడు మంట ఉంటుంది. పుండు మీద టించర్ వేస్తే మండదా?

అత్త ఇవాళ తీగ మీద నా లంగా తిరగేసి ఆరేసింది. నేను సరిగ్గానే ఆరేశాను. ఎందుకు తిరగేసిందో.

జూలై 27

కడుక్కునేది మూడుసార్లు చేశాను.

జూలై 30, శనివారం

తగ్గలేదు. తగ్గిందని రాశాను కానీ తగ్గలేదు. అప్పుడు కూడా తగ్గలేదు. లంగా రెండు మడతలు వేసి కట్టుకుంటే తగ్గినట్టు అనిపించింది.

ఇప్పుడు అసలు వేరేగా ఉంది. నీళ్ళలా లేదు. విరిగిన పాలలా, తరకలు తరకలుగా. దురద. పొయ్యి ముందు నిలబడలేకపోతున్నాను. మూత్రానికి వెళ్తే నిప్పు. గంటకొకసారి దొడ్లోకి వెళ్ళి చూసుకుంటున్నాను. అత్త, "కడుపులో బాగులేదేటి?" అని అడిగింది. "అవునత్తా, నిన్నటి పెరుగు" అన్నాను. "పెరుగు బాగానే ఉంది గదా, నానూ తిన్నాను" అంది.

మొదటిది తెల్లగా ఉంది, ఇది కూడా తెల్లగా ఉంది. రెండూ ఒకటేనా? మొదటిదాంట్లో బాధ లేదు, దీంట్లో ఉంది. మొదటిది ముదిరి ఇలా అయిందా? కరగడం మొదలుపెట్టాక ముందు నీళ్ళు, తర్వాత గట్టివి వస్తాయా? ఈ తరకలు ఏమిటి? దేని ముక్కలు?

ఈ పేజీ చింపేయాలి.

అమ్మకు ఉత్తరం రాయబోయాను. నరసన్నపేటకు ఉత్తరం వెళ్ళడానికి ఐదు రోజులు, పోస్ట్‌మాన్ నాన్నకే ఇస్తాడు, నాన్నే చదివి అమ్మకు వినిపిస్తారు. "మేము క్షేమం, వానలు బాగున్నాయి" అని రాసి అతికించాను.

ఆగస్టు 1

రాయడానికి ఏం లేదు. పదో వారం.

ఆగస్టు 3, బుధవారం

పొద్దున్న బొట్టంత. గులాబీ రంగు. ఎరుపు కాదు. ఎరుపు కాదు.

రెండున్నర నెలలు. సరిగ్గా అప్పుడే.

ఆయన ఎ షిఫ్ట్‌కి ఐదున్నరకే వెళ్ళిపోయారు. నేను లంగా బకెట్లో వేసి, నీళ్ళు పోసి, మళ్ళీ తీసి, వెలుతురులో పట్టుకుని చూశాను. గులాబీయే. వెనకనుంచి అత్త, "ఒగ్గీ, ఇలగియ్యి" అంది. ఎప్పుడొచ్చిందో. నా చేతిలోంచి లాక్కుని చూసింది. వాసన చూసింది. నాకు భూమిలోకి వెళ్ళిపోవాలనిపించింది.

"ఎన్నాళ్ళ బట్టి?"

"ఇవాళే అత్తా."

"రగతం కాదే. ఆ తెల్లది. మూడు వారాల బట్టి సూస్తన్నాను. రోజూ పొద్దున్నే నా కంటే ముందు లెగిసి లంగాలు పిండీస్తన్నావు. సెప్తావేమో సెప్తావేమోనని సూసినాను. ఆడి పటిక బిళ్ళ ఎలక కొరికినట్టు అరిగిపోతంది."

నాకు ఏడుపొచ్చింది. "నన్నేమంటారోనని" అన్నాను.

"ఏటంటాను?" అంది. కోపంగా కాదు. నిజంగానే అడిగింది. ఆవిడ ఎప్పుడూ ఏమీ అనలేదు. ఏడాదిన్నరలో ఒక్కమాట అనలేదు. అన్నట్టు నేనే రోజూ వింటూ వచ్చాను.

చీర కూడా మార్చుకోనివ్వలేదు. రిక్షా ఎక్కించింది. దారి పొడుగునా రిక్షా అతన్ని "ధీరే చలా బేటా, గడ్డా దేఖ్‌కే" అని గుంత కనబడ్డప్పుడల్లా తిడుతూనే ఉంది. ఒక చేత్తో నా నడుం పట్టుకుంది. గట్టిగా. వేళ్ళ గుర్తులు పడ్డాయి.

అదే హెల్త్ సెంటర్. వరసలో ఇరవై మంది ఉన్నారు. అత్త ఎవర్నీ పట్టించుకోకుండా తలుపు తోసుకుని వెళ్ళి, మొత్తం వరండా వినేలా, "డాక్టర్ బాయీ, బహూ కే సఫేద్ పానీ జాథే, ఆజ్ ఖూన్ దిఖిస్" అంది.

సఫేద్ పానీ. తెల్ల నీళ్ళు. అంతే. మూడు వారాలు నేను వెతికిన మాట. వరండాలో ఒక్కరూ నవ్వలేదు. ముందున్న ఆవిడ పక్కకు జరిగి దారి ఇచ్చింది.

చెయ్యి నొప్పి పుడుతోంది. మిగతాది రేపు.

ఆగస్టు 4

డాక్టరమ్మ పెద్దావిడ. కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. బల్ల మీద పడుకోబెట్టి లైటు పెట్టి చూసింది. చల్లని ఇనుప పరికరం. కళ్ళు మూసుకున్నాను. అత్త తల దగ్గర నిలబడి నా చెయ్యి పట్టుకుంది. దూది పుల్లతో ఏదో తీసి గాజుపలక మీద రాసింది.

తర్వాత ఆవిడ హిందీలో చెప్పడం, అత్త తెలుగులోకి మార్చి నాకు చెప్పడం.

"గర్భసంచి మూతి మూసే ఉందంట. తెరుసుకోలేదంట. బిడ్డ పోయినట్టు లేదంటంది."

"ఆ రక్తం?"

"లోపలంతా ఒరిసిపోయి పుండులాగ ఉందంట. అక్కడిదంట ఆ సుక్క. ఏటి పెట్టి కడిగినావని అడుగుతంది. పటికని సెప్పినాను. తల కొట్టుకుంటంది."

డాక్టరమ్మ నిజంగానే నుదురు కొట్టుకుంది. తర్వాత నా వైపు వంగి మెల్లగా, ఒక్కో మాట విడిచి విడిచి చెప్పింది. నాకు అర్థం కావాలని. కొంత అర్థమైంది, మిగతాది అత్త పూరించింది. మొదట్లో వచ్చిన ఆ పల్చటి తెల్లనీళ్ళు జబ్బు కాదట. కడుపుతో ఉంటే అందరికీ అవుతుందట, కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ. అక్కడికి రక్తం ఎక్కువ పారుతుంది, ఒంట్లో మార్పు వస్తుంది, దాని వల్ల ఆ నీరు. పురుగులేవీ పైకి పోకుండా అదే కాపలా. కాన్పు దాకా ఉన్నా తప్పు లేదట.

"కాపలా వాణ్ణి నువ్వే తన్ని తగిలేసినావంట" అంది అత్త. డాక్టరమ్మ అలాగే అన్నదో, అత్త కలిపిందో తెలీదు.

కడిగి కడిగి లోపల ఉండాల్సినవి పోయి, వేరే పురుగు పెరిగిందట. ఆ తరకలు, దురద, అవి దానివి. బిడ్డ ముక్కలు కావు. ఆ మాట నేను అడగలేదు. నా ముఖం చూసి ఆవిడే చెప్పిందో ఏమో. ఏడు రోజులు లోపల పెట్టుకునే మాత్రలు రాసింది, బిడ్డకేం కాదంది.

"మళ్ళీ ఎలా తెలుస్తుంది, ఏది మంచిదో ఏది కాదో?" అడిగాను. తెలుగులోనే అడిగాను. డాక్టరమ్మ అత్త వైపు కూడా చూడకుండా ముక్కు పట్టుకుని చూపించింది, తర్వాత గోక్కున్నట్టు చూపించింది, తర్వాత గోడ మీద పసుపురంగు క్యాలెండర్, నర్సు ఆకుపచ్చ గాజులు, ఎర్ర బకెట్టు. వాసన, దురద, ఆ రంగులు. చివరగా కుళాయి తిప్పినట్టు చెయ్యి తిప్పింది, నీళ్ళు ధారగా పోతే. ఏదున్నా "తురంత్", ఆ రోజే రమ్మంది. లేకపోతే బయట మామూలు నీళ్ళతో కడుక్కుని పొడి నూలుబట్ట కట్టుకుని నా పని నేను చూసుకోమంది.

నాకు నవ్వొచ్చింది. ఇన్నాళ్ళకు.

అప్పుడు అత్త ఏదో అడిగింది. అందులో "హడ్డీ" అన్న మాట నాకు తెలుసు, మటన్ కొట్లో వింటాను. ఎముకలు. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపి, గట్టిగా, "నహీ గల్తీ హడ్డీ. కభీ నహీ గల్తీ" అంది.

అత్త అది నాకు తెలుగులో చెప్పలేదు.

మళ్ళీ ఏదో అడిగింది. ఈసారి గొంతు బాగా తగ్గించి. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు, హిందీ కాదు, ఛత్తీస్‌గఢీ కలిపి, నాకు ఒక్క ముక్క అందలేదు. డాక్టరమ్మ అత్త భుజం మీద చెయ్యి వేసింది. అత్త కుర్చీలోంచి లేచి, బయటికి వెళ్ళి, వరండా చివర నిలబడి ముక్కు చీదుకుంది.

రిక్షాలో ఏమైందత్తా అని అడిగాను.

"ఏటీ లేదు" అంది.

ఆగస్టు 6, శనివారం

పెద్దాసుపత్రిలో స్కాను. ఆయన సెలవు పెట్టడానికి ఒప్పుకోలేదు, మిల్లులో మనుషులు తక్కువ. ఎప్పుడూ అంతే, పెళ్ళైన మూడో రోజుకే డ్యూటీలో ఉన్నారు. అత్తే వచ్చింది. తెర మీద బూడిదరంగు మబ్బు. దాని మధ్యలో ఏదో టిక్కుటిక్కుమని వెలిగి ఆరుతోంది. "ధడ్‌కన్" అన్నాడు స్కాను చేసే ఆయన. అది నాకు తెలుసు.

గుండె ఉంది. పది వారాల నాలుగు రోజులు అని కాగితం మీద రాసిచ్చారు.

అత్త తెర వైపు కాసేపు చూసి తల తిప్పుకుంది. బయట బెంచీ మీద కూర్చున్నాక తనే మొదలుపెట్టింది.

"నీ మొగుడు రాజేంద్ర కంటే ముందు నాకు ఒకడు."

నేను ఆవిడ వైపు జరిగాను.

"మేం కొత్తగా వొచ్చిన రోజులు. అప్పుడు ఇక్కడ అన్నీ గుడారాలే. నాలుగో నెల. నాకూ ఇలగే తెల్లబట్ట అయినాది. మా అత్తకి సెప్పినాను. కరిగిపోతంది నీ కడుపు, ఏటి తిన్నావో ఎక్కడ తిరిగినావో అంది. నెల్లాళ్ళకి పోనాడు. మొగపిల్లాడు. నీవల్లే కరిగిపోనాడు అంది. అందరికీ సెప్పింది. మీ మావ కూడా అదే అన్నాడు. నానూ అదే అనుకున్నాను." చేతి సంచీ పట్టీని మెలిపెడుతూ ఉంది. "డాక్టర్ బాయీని అడిగినాను. ఎందుకు పోనాడో ఇప్పుడు ఎవరూ సెప్పలేరంట. కానీ దానికి మాత్రం కాదంట. ఎముకలు కరగవంట. నాను సేసింది ఏటీ లేదంట."

"లేదత్తా."

"మరి ముప్ఫై ఆరేళ్ళు?" అని అడిగింది. నన్నో, ఎదురుగా ఉన్న గోడనో.

నాకు మూడు వారాలకే పిచ్చెక్కినంత పనైంది.

ఆగస్టు 7

నిన్న అది రాశాక ఇంకేం తోచలేదు. మాత్ర ఐదో రోజు. దురద సగం పోయింది. మరక మళ్ళీ లేదు. పోయిన నవంబరుది కూడా నా వల్ల కాదేమో. కాదేమో అని మాత్రమే రాయగలుగుతున్నాను.

ఆగస్టు 9, మంగళవారం

ఆయనకి ఈ వారం బి షిఫ్ట్. ఒంటిగంటకు అన్నం పెట్టాను. తింటూ స్కాను కాగితం మళ్ళీ అడిగి తీసుకుని చూస్తున్నారు, అందులో ఏమీ తెలియకపోయినా. "నా ఫస్ట్ బచ్చా. నేను ఫస్ట్, నా బచ్చా ఫస్ట్. మన ఇంట్లో అందరూ పెద్దవాళ్ళే" అని నవ్వారు.

అత్త చారు పోస్తోంది. గరిటె ఆగింది.

"నువ్వు పెద్దోడివి కాదురా" అంది.

ఆయన నవ్వుతూనే, "మతలబ్?"

"నీకు ముందు ఒకడున్నాడు. కడుపులోనే పోనాడు. ఐదు నెలలోడు."

ఆయనకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ముద్ద చేతిలోనే ఉంది. అత్తను చూశారు, నన్ను చూశారు. నేను తల ఊపాను.

"నాకు భయ్యా ఉన్నారా?"

ఉన్నాడా అనాల్సింది. ఈయన తెలుగు అంతే, చిన్నాపెద్దా ఒకటే. కానీ ఆ "ఉన్నారా" వినగానే అత్త గరిటె గిన్నెలో వదిలేసి కొంగు నోట్లో కుక్కుకుంది. ముప్ఫై ఆరేళ్ళలో ఆ బిడ్డని ఎవరూ అలా అనలేదు.

"ఎందుకు చెప్పలేదమ్మా?"

"నా వల్ల పోనాడన్నారు. ఏటని సెప్పను?"

"ఎవరన్నారు?"

"అందరూ."

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నారు. ఇక బట్టలు మార్చుకుంటారు అనుకుని నేను టిఫిన్ డబ్బా కట్టాను. ఆయన వచ్చి అత్త పక్కన నేల మీద కూర్చున్నారు. గోడకు ఆనుకుని, భుజం భుజం తగిలేలా. అత్త రెండుసార్లు, "ఎల్లరా, టైమైపోతంది" అంది. ప్లాంటు సైరన్ మోగింది. పన్నెండేళ్ళలో చెప్పకుండా ఒక్క షిఫ్ట్ తప్పని మనిషి.

షిఫ్ట్ మొదలైన రెండో సైరన్ కూడా మోగింది. ఆయన అలాగే కూర్చుని ఉన్నారు.